పాత తరహా బగ్గీకి కొత్త పార్టులు: ఏవి వేశాను, ఏవి వద్దనుకున్నాను

హార్నెట్ అంటే జపాన్ కంపెనీ టామియా చేసే, మట్టిలో నడిపే రిమోట్ కంట్రోల్ (ఆర్సీ) బగ్గీ కారు. దాని కిట్ బిగించడం పూర్తయ్యాక అసలు పని మొదలైంది. ఈ బగ్గీ మొదటిసారి 1984లో వచ్చింది. 2004లో కంపెనీ దాన్నే దాదాపు అదే రూపంలో మళ్లీ విడుదల చేసింది. నా దగ్గరున్నది ఆ రెండో విడుదల. నలభై ఏళ్ల నాటి డిజైన్, పైగా అభిమానులు ఎక్కువ. అందుకే దీనికి అమ్మే అదనపు పార్టులకు అంతూ పొంతూ ఉండదు. అల్యూమినియం ఆర్ములు (చక్రాన్ని బండికి కలిపే చేతులు), ఆయిల్ షాకులు (నూనెతో కుదుపులు ఆపేవి), స్టీల్ గేర్లు, కార్బన్ ప్లేట్లు, బ్రష్‌లెస్ మోటార్లు... అన్నీ వేసుకుంటూ పోతే చివరికి పాత బండిలో మిగిలేవి బాడీ, స్టిక్కర్లే. అలా చేసేవాళ్లని నేను తప్పుపట్టను, ఎవరి సరదా వాళ్లది. నాకు మాత్రం చూడ్డానికీ నడపడానికీ అది హార్నెట్‌లాగే ఉండాలి. కాకపోతే తరచూ నడిపినా తట్టుకోవాలి.

ఈ షరతు పెట్టుకుంటే ఎంపిక సులువైపోతుందని అనిపిస్తుంది కానీ, అవ్వదు. ఆర్సీ కారులో ఒక పార్టు గట్టిపడితే దాని మీద పడాల్సిన దెబ్బ పక్కదాని మీదికి పోతుంది. మోటారు బలం పెంచితే గేర్ల పళ్లు, గేర్లు గట్టివి వేస్తే యాక్సిల్ (ఇరుసు), యాక్సిల్ కూడా మార్చేస్తే గేర్‌బాక్స్ ప్లాస్టిక్. అందుకే ఏ పార్టు చూసినా, ఇది వేశాక తర్వాత విరిగేది ఏది అన్న ప్రశ్న ముందు వేసుకున్నాను. బాగుంది కదా అని బుట్టలో వేసుకున్నవాటిలో సగం ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి.

ముందు ఈ బండి కట్టుబడి గురించి కాస్త చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. కింద ఒకే ముక్కగా పోతపోసిన ప్లాస్టిక్ టబ్ ఛాసిస్, అంటే తొట్టిలాంటి అడుగు చట్రం. ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి. వెనక మాత్రం మోటారు, గేర్‌బాక్స్, రెండు యాక్సిళ్లు అన్నీ కలిసి ఒకే ముద్ద. ఆ ముద్ద మొత్తం ముందువైపున్న ఒక కీలు మీద పైకీ కిందకీ ఆడుతుంది. అంటే వెనక చక్రం రాయెక్కితే చక్రంతో పాటు మోటారు బరువు కూడా పైకి లేస్తుంది. స్ప్రింగుల కింద అంత బరువు ఊగుతుంటే చక్రం నేలను పట్టుకుని ఉండటం కష్టం. పైగా యాక్సిలరేటర్ ఒక్కసారిగా ఇస్తే చక్రాలు ఒకవైపు తిరుగుతాయి, గేర్‌బాక్స్ దానికి ఎదురు తిరగబోతుంది. ఆ బలం స్ప్రింగుల మీద పడి బండి వెనకభాగం తాడు తెంచుకున్న దూడలా గంతులేస్తుంది. హార్నెట్ అంటే అభిమానులకు ముందు గుర్తొచ్చేది ఈ గంతులే. వాటిని పూర్తిగా తీసేస్తే బండి వేగంగా పోవచ్చు గానీ అది హార్నెట్ కాదు.

మొదట కొన్నది బేరింగులు. దీని మీద వాదనే అక్కర్లేదు. కిట్‌లో ప్లాస్టిక్ బుష్‌లు వస్తాయి. ఇరుసు వాటిలో రాసుకుంటూ తిరుగుతుంది. దుమ్ము చేరిందంటే బుష్ రంధ్రం అరిగి వెడల్పవుతుంది, చక్రం ఊగుతుంది, గేర్లు ఒకదానికొకటి సరిగ్గా కూర్చోవు. బేరింగులు వేస్తే బ్యాటరీ కాస్త ఎక్కువసేపు వస్తుంది, మోటారు కాస్త తక్కువ వేడెక్కుతుంది, గేర్లు ఎక్కువకాలం ఉంటాయి. పైగా దీనివల్ల ఏ పక్క పార్టు మీదా అదనపు బరువు పడదు. నేను వేసిన అన్ని పార్టుల్లో ఎదురు ప్రశ్న లేకుండా ఒప్పుకున్నది ఇదొక్కటే.

బేరింగుల్లోనూ ఎంచుకోవాల్సింది ఉంది. టామియా వాళ్లు 1150 అని పిలిచేది లోపల 5 మి.మీ., బయట 11 మి.మీ., మందం 4 మి.మీ. ఉండే సైజు. పాత బగ్గీల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. 850 అంటే 5 లోపల, 8 బయట. ఈ అంకెల పద్ధతి ఒకసారి అర్థమైతే ఏ కంపెనీ బేరింగైనా కొలత చూసి కొనుక్కోవచ్చు. నేను మాన్యువల్ తీసి ఎక్కడ ఏ సైజు వేయాలో రాసుకున్నాకే ఆర్డర్ పెట్టాను. ఇక మూతలు రెండు రకాలు: లోహపు మూత, రబ్బరు మూత. లోహపు మూత ఉన్నది చేత్తో తిప్పితే చాలాసేపు గిర్రున తిరుగుతుంది, అందుకే అదే మంచిదనిపిస్తుంది. కానీ ఆ మూతకూ లోపలి రింగుకూ మధ్య సన్నని సందు ఉంటుంది, మట్టిలో తిరిగే బండికి ఆ సందు చాలు. రబ్బరు మూత కొంచెం బిగువుగా తిరుగుతుంది గానీ దుమ్మును ఆపుతుంది. మట్టిలో నడిపే బండి కాబట్టి రబ్బరువే తీసుకున్నాను. సిరామిక్ బేరింగుల జోలికి పోలేదు. వెనక ముద్దంతా గంతులేసే బండికి అంత సున్నితం దండగ.

స్క్రూల గురించి ఒక మాట. జపాన్ కిట్లలో వచ్చే ప్లస్ తల స్క్రూలు జేఐఎస్ అనే జపాన్ పారిశ్రామిక ప్రమాణానివి. ఇంట్లో ఉండే మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా దిగదు. గట్టిగా తిప్పితే పైకి జారి గాడి చెరిగిపోతుంది. చాలామంది స్క్రూలే నాసిరకమని అనుకుని సెట్టు మొత్తం స్టెయిన్‌లెస్ అలెన్ (ఆరు మూలల గాడి ఉన్న) స్క్రూలకు మార్చేస్తారు. సరైన జేఐఎస్ డ్రైవర్ ఒక్కటి కొంటే ఆ అవసరమే రాదు. నేను డ్రైవర్ కొన్నాను, స్క్రూలు పాతవే ఉంచాను. ఈ బండికి అలెన్ తలలు నప్పవని నా అభిప్రాయం, అది పూర్తిగా నా పిచ్చే అనుకోండి.

ఎక్కువగా ఆలోచించాల్సి వచ్చింది షాకుల దగ్గర. ముందువైపు కిట్‌లో వచ్చేవాటిలో నూనె ఉండదు. స్ప్రింగు, దాని లోపల రాపిడితో ఆగే ప్లాస్టిక్ కడ్డీ, అంతే. వాటికి బదులు ఆయిల్ షాకులు అమ్ముతారు, చూడ్డానికి బంగారు రంగులో మెరుస్తుంటాయి. కానీ ఈ బండికి ముందుభాగం తేలిక, అక్కడ కదలికా తక్కువే. అంత చిన్న పొడవులో దొరికే ఆయిల్ షాకు లోపల పిస్టన్ కదిలే దూరం మరీ కొంచెం, దానివల్ల ఒరిగేది కూడా కొంచెమే. ముందువి వదిలేసి ఆలోచనంతా వెనక షాకుల మీద పెట్టాను. గంతులు వచ్చేది అక్కడే కదా.

వెనక షాకు ఎంచుకునేటప్పుడు అమ్మేవాళ్లు రాసే పొడవు ఒక్కటే చూస్తే సరిపోదు. రెండు కొలతలు కావాలి. పూర్తిగా చాచినప్పుడు ఒక కన్ను (స్క్రూ పెట్టే రంధ్రం) నుంచి మరో కన్నుకు ఎంత, పూర్తిగా నొక్కినప్పుడు ఎంత. చాచిన పొడవు పాతదానికన్నా ఎక్కువైతే బండి వెనకభాగం పైకి లేస్తుంది. ఎత్తు పెరిగితే మలుపుల్లో పల్టీ కొడుతుంది, ఈ బండికి అసలే ఆ అలవాటు ఉంది. నొక్కిన పొడవు ఎక్కువైతే ఇంకో ఇబ్బంది. ఎగిరి దిగినప్పుడు ఛాసిస్ అడుగు నేలను తాకకముందే షాకు ఆఖరిదాకా వెళ్లిపోతుంది, దెబ్బంతా షాకు బిగించిన ప్లాస్టిక్ బుడిపె మీద పడుతుంది. ఆ బుడిపె ఛాసిస్‌లో భాగమైతే అది విరిగితే మొత్తం ఛాసిసే మార్చాలి. వెర్నియర్‌తో పాత షాకు రెండు కొలతలూ తీసుకుని, వాటికి సరిపడనివన్నీ పక్కన పెట్టేశాను. చూడముచ్చటగా ఉన్న ఒక జత రెండో కొలతలో తేలిపోయింది. విడివిడి సస్పెన్షన్ ఉన్న బగ్గీలో అయితే మూడో విషయం కూడా చూడాలి. షాకు పొడవైతే గేర్‌బాక్స్ నుంచి చక్రాలను తిప్పే కడ్డీలు (డ్రైవ్ షాఫ్టులు) వాటి కప్పుల్లోంచి ఊడిపోవచ్చు. ఒకే ముద్దగా కదిలే ఈ వెనకభాగంలో ఆ బెంగ లేదు.

నూనె విషయంలో కొత్తవాళ్లు తికమకపడేది అంకెల దగ్గర. టామియా సిలికాన్ నూనె మీద 200, 300, 400 అని ఉంటుంది, అవి సెంటిస్టోక్స్‌లో చిక్కదనం. అమెరికన్ కంపెనీలు చాలావరకు వెయిట్ లెక్కలో 30, 35, 40 అని రాస్తాయి. వాటిలో ఒకటైన అసోసియేటెడ్ పట్టిక ప్రకారం 30 వెయిట్ అంటే దాదాపు 350 సెంటిస్టోక్స్, 40 వెయిట్ అంటే 500. 40 వెయిట్ సీసా చూసి 400తో సమానమే అనుకుంటే మందం తేడా వచ్చేస్తుంది. నేను సెంటిస్టోక్స్ రాసి ఉన్నవే కొన్నాను. పిస్టన్లు ఒక రంధ్రం, రెండు రంధ్రాలు, మూడు రంధ్రాలు ఉన్నవి వస్తాయి. రంధ్రాలు తగ్గేకొద్దీ షాకు బిగుస్తుంది. మెత్తని స్ప్రింగు, రెండు రంధ్రాల పిస్టన్, 400 నూనెతో మొదలుపెట్టాను. వెనక ముద్ద బరువుకు అది పల్చగా అనిపించింది. గంతు వచ్చాక ఆగకుండా ఊగుతూనే ఉంది. 500కి మారిస్తే గంతు వస్తుంది గానీ వెంటనే సద్దుకుంటుంది. నాకు కావాల్సిందీ అదే. ఇంకా చిక్కటిది వేస్తే చిన్న రాళ్ల మీద వెనక చక్రాలు నేలను వదిలేసి టకటకమని కొట్టుకున్నాయి, కాబట్టి వెనక్కి వచ్చేశాను. నూనె మార్చడం చవకైన పని, ఓపిక ఉంటే చాలు. పోశాక పిస్టన్ పైకీ కిందకీ నెమ్మదిగా ఆడించి బుడగలు పోయేదాకా ఆగాలి. ఆ ఓపిక లేకపోతే ఏ నూనె పోసినా ఒకటే.

అల్యూమినియం పార్టులు ఈ హాబీలో అతిపెద్ద ఆకర్షణ. నీలం రంగు పూత ఉన్న ఆర్ములు, నకుల్స్ (ముందు చక్రాలు బిగించే ముక్కలు) చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. ముందు ఆర్ములకు నేనూ చాలాసేపు ఊగిసలాడాను. చివరికి ఒక నియమం పెట్టుకున్నాను. రాపిడి ఉన్నచోట లోహం, దెబ్బ తగిలేచోట ప్లాస్టిక్. ప్లాస్టిక్ ఆర్ము గోడకు గుద్దుకుంటే వంగి మళ్లీ మామూలవుతుంది, మరీ గట్టిగా గుద్దితే విరుగుతుంది. అల్యూమినియం ఆర్ము విరగదు. అది వంగితే వంగినట్టే ఉండిపోతుంది, లేదంటే దెబ్బను తాను తీసుకోకుండా ఛాసిస్‌కు పంపుతుంది. విరిగిన ఆర్ము మార్చడం నాలుగు స్క్రూల పని. ఛాసిస్ పగిలితే బండి మొత్తం విప్పాలి. అందుకే అల్యూమినియం ఆర్ములకు బదులు ప్లాస్టిక్ ఆర్ములే మరో జత కొని డబ్బాలో పడేశాను. బంపర్ కూడా అంతే, మెత్తగా ఉండటమే దాని పని.

మోటారు దగ్గర చాలామందికి మొదట తెలియని సంగతి ఒకటుంది. ఇప్పటి బగ్గీల్లో మోటారును అటూ ఇటూ జరిపి పినియన్ (మోటారు ఇరుసుకు ఉండే చిన్న గేరు) సైజు మార్చుకోవచ్చు. వేగం ఎక్కువున్న మోటారు పెట్టి చిన్న పినియన్ వేస్తే మోటారు వేడెక్కదు. హార్నెట్ గేర్‌బాక్స్‌లో మోటారు చోటు మారదు, గేర్ నిష్పత్తి కూడా మారదు. కాబట్టి ఎంత వేగమైన మోటారు పెడితే బండి అంత వేగం, మోటారు మీద అంత బరువు. ఉపశమనానికి దారి లేదు. అందుకే ఇక్కడ ఆశ తగ్గించుకోవాలి.

కిట్‌తో వచ్చే 540 సైజు సిల్వర్ కేన్ (వెండిరంగు డబ్బా) మోటారుతో కొంతకాలం నడిపాను. అది చెడ్డదేమీ కాదు. తర్వాత టామియా స్పోర్ట్ ట్యూన్డ్ మోటారుకు మారాను. లోపలి తీగ చుట్లు కాస్త తక్కువ, వేగం కాస్త ఎక్కువ, కిట్ గేర్లకు పెద్ద హాని చేయదు. బ్యాటరీ అయిపోయాక మోటారు మీద వేలు పెడితే కొన్ని సెకన్లపాటు ఉంచగలుగుతున్నాను. నా లెక్కలో అది హద్దు లోపలే. దాని మీద వేడిని బయటికి పంపే లోహపు హీట్‌సింక్ కూడా తగిలించాను. అక్కడ దెబ్బ తగలదు కాబట్టి నా నియమానికి అడ్డు రాదు.

బ్రష్‌లెస్ (లోపల రాసుకునే బ్రష్‌లు లేని) మోటారు ఎందుకు పెట్టలేదని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. లెక్క సులువే. ఒక్కో వోల్టుకు మోటారు నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో చెప్పేది కేవీ అంకె. దాన్ని వోల్టేజీతో హెచ్చవేస్తే బరువు లేనప్పుడు నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. 3300 కేవీ మోటారుకు 7.4 వోల్టులు ఇస్తే 24,420. ఆ వేగం ఈ గేర్ నిష్పత్తిలో తేలికైన ముందుభాగానికి చాలా ఎక్కువ. యాక్సిలరేటర్ సగం దాటించకముందే ముందు చక్రాలు గాల్లో ఉంటాయి, ఇక స్టీరింగ్ ఎందుకు? పెట్టాల్సిందే అనుకునేవాళ్లు తీగ 21.5 చుట్లు ఉండి, లోపల సెన్సార్ ఉన్న రకం (21.5 టర్న్ సెన్సార్డ్) చూసుకోవడం మంచిది. అది నెమ్మదిగా, సాఫీగా కదులుతుంది. సెన్సార్ లేనివి తక్కువ వేగంలో గుంజుకుంటూ కదులుతాయి, ప్లాస్టిక్ గేర్లకు అది బాగుండదు.

బ్యాటరీ మార్పు మోటారు కన్నా ఎక్కువ తేడా చూపించింది. పాత ఆరు సెల్స్ నికెల్ ప్యాక్ 7.2 వోల్టులు. రెండు సెల్స్ లైపో (లిథియం పాలిమర్) 7.4, నిండుగా ఛార్జ్ చేస్తే 8.4. అంకెల్లో తేడా చిన్నదే, కానీ లైపో వోల్టేజీ చివరిదాకా నిలబడుతుంది, బరువూ తక్కువ. దానికోసం రెండు విషయాలు చూసుకున్నాను. ఒకటి ఆకారం. పాత బగ్గీల బ్యాటరీ గది గుండ్రటి సెల్స్ కోసం చేసింది, నలుచదరపు గట్టి డబ్బా లైపోలు కొన్ని అందులో పట్టవు. అంచులు గుండ్రంగా ఉన్నది వెతికి కొన్నాను. ఛాసిస్‌ను అరగదీసి పట్టించేవాళ్లున్నారు, నాకు చేతులు రాలేదు. రెండోది ఈఎస్‌సీ, అంటే మోటారు వేగాన్ని అదుపుచేసే ఎలక్ట్రానిక్ పెట్టె. లైపో ఒక్కో సెల్ 3 వోల్టుల కిందికి పోతే పాడవుతుంది. పాత రకం ఈఎస్‌సీలకు ఆ సంగతి పట్టదు, బ్యాటరీ అయిపోయేదాకా లాగుతూనే ఉంటాయి. అందుకని వోల్టేజీ తగ్గగానే ఆపేసే కటాఫ్ ఉన్న, బ్రష్డ్ (బ్రష్‌లున్న) మోటార్లకు సరిపడే ఈఎస్‌సీ, హాబీవింగ్ 1060 తీసుకున్నాను. చిన్న జంపర్‌ను లైపో వైపు పెడితే చాలు. 1984 కిట్‌లో అయితే ఎలక్ట్రానిక్ ఏమీ లేదు. సర్వో (రిమోట్ చెప్పినంత మేర తిరిగే చిన్న మోటారు)తో కదిలే మెకానికల్ స్పీడ్ కంట్రోలర్ ఉండేది, తగ్గించిన కరెంటు రెసిస్టర్‌లో వేడిగా పోయేది. పాతదనం అంటే ఎంత ఇష్టమున్నా అది మాత్రం నాకొద్దు. కనెక్టర్లు కూడా ఎక్స్‌టీ60కి మార్చాను. ఆ పాత తెల్ల ప్లాస్టిక్ కనెక్టర్ పిన్నులు కొన్నాళ్లకు వదులై వేడెక్కుతాయి.

స్టీరింగ్ సర్వో ఎంచుకునేటప్పుడు దాని ఇరుసు మీది పళ్ల లెక్క చూడాలి. ఫుటాబా తరహావి 25, హైటెక్ 24, శాన్వా 23. కిట్ సర్వో సేవర్‌తో వచ్చే అడాప్టర్ ఏదో చూసుకుని 25 పళ్ల మెటల్ గేర్ సర్వో తీసుకున్నాను. బలమైన సర్వో ఉంది కదా అని సర్వో సేవర్ తీసేసి గట్టి అల్యూమినియం హార్న్ (సర్వో ఇరుసుకు బిగించే చేయి) పెట్టమని కొందరు సలహా ఇస్తారు. పెట్టలేదు. చక్రం రాయిని గుద్దినప్పుడు కాస్త జారిపోయేదే సేవర్. అది లేకపోతే ఆ కుదుపు చక్రాన్ని తిప్పే కడ్డీకో (టై రాడ్), సర్వో గేర్లకో తగులుతుంది. ముందుభాగంలో ఉన్న కొద్దిపాటి వదులు బలమైన సర్వోతో పోదు. అది కీళ్లలో ఉంది, బేరింగులు వేశాక కొంత తగ్గింది. మిగిలినదానికి ట్రాన్స్‌మిటర్‌లో ఎక్స్‌పొనెన్షియల్ (మధ్యలో స్టీరింగ్‌ను మందగించే సెట్టింగు) కాస్త పెంచితే సూటిగా పోతోంది.

బాడీ గురించి చెప్పుకోవాల్సింది తక్కువ. హార్నెట్‌ది పాలీకార్బొనేట్ అనే పారదర్శక ప్లాస్టిక్, రంగు లోపలివైపు నుంచి వేయాలి, టామియా పీఎస్ రకం స్ప్రే వాడాలి. టామియాదే మరో బగ్గీ గ్రాస్‌హాపర్‌ది గట్టి స్టైరీన్ ప్లాస్టిక్ బాడీ కాబట్టి దానికి టీఎస్ రకం బయటినుంచి. ఈ రెండూ తారుమారు కాకుండా చూసుకుంటే చాలు. బయటి అంచులకు వెనకనుంచి సన్నని మెష్ టేపు అతికించాను, పల్టీల్లో పగుళ్లు రాకుండా.

ఇక మిగిలింది చక్రాలు. ఈ బండి వెనక చక్రాలు ఇప్పటి 12 మి.మీ. హెక్స్ (ఆరు మూలల గాడితో బిగించే) పద్ధతివి కావు. కొత్త రకం చక్రాలు పెట్టాలంటే అడాప్టర్లు కావాలి. వాటితో రెండు లాభాలున్నాయి. చక్రాల మధ్య వెడల్పు కాస్త పెరుగుతుంది, మలుపుల్లో పల్టీలు తగ్గుతాయి. టైర్ల ఎంపిక కూడా పెరుగుతుంది. నష్టమూ ఉంది. వెడల్పు పెరిగితే చక్రం మీద పడే దెబ్బకు పొడవైన మీట దొరికినట్టే, వెనక యాక్సిల్ మీద ఆ బరువు పడుతుంది. ఇప్పటి టైర్లు పట్టు ఎక్కువ కాబట్టి గేర్లకూ పని పెరుగుతుంది. కిట్ స్పైక్ టైర్లు వదులు మట్టిలో బాగా పట్టుకుంటాయి, గట్టి నేల మీద జారతాయి. ఆ జారడమే గేర్‌బాక్స్‌ను కాపాడుతోందని నా అనుమానం. అడాప్టర్లు కొనిపెట్టుకున్నాను, బిగించలేదు. ఈ స్పైకులు అరిగాక మళ్లీ అవే కొనాలా, అడాప్టర్లు బిగించాలా అన్నది గేర్‌బాక్స్ ఒకసారి విప్పి పళ్లు చూశాకే తేల్చుకుంటాను.